చేపల మేతలో విటమినులు – లోహవిషము

బడిపంతులుగా జీవితము గడపిన నేను చేపల చెరువులను గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. కాని మా కృష్ణా, గోదావరి జిల్లాలలో వరిచేలు పెక్కు చేపల చెరువులైనవి. "మేతలో విటమినులు కలిపినచో నీటిలోని విషము విరుగునట గదా, పంతులుగారూ?" అని ఊరి పెద్దలే నన్నడుగుచున్నారు. ఆ మాటలో నిజమెంతయో, భ్రమ యెంతయో విన్నవించెదను.

మొదట విషమెట్టిదో తెలియవలెను. పాదరసము, సీసము, కాడ్మియము అనునవి భారలోహములు. పట్టణముల మురుగుతోను, కర్మాగారముల నీటితోను ఇవి కాలువలలోనికి వచ్చును. ఆకు కుళ్లి మట్టియగును. లోహము కుళ్లదు, నశింపదు. చెరువడుగున ఒండ్రులో చేరి యుండును.

చేప మొప్పలతో శ్వాసించును. నీటిలోని కాల్షియము దేహములోనికి ప్రవేశించు ద్వారముననే కాడ్మియము దొంగవలె జొరబడును. లోపలికి పోయి కాలేయమునందును, మూత్రపిండములందును చేరి, కణములను కప్పియున్న క్రొవ్వుపొరలను చెరచును. నిలువయుంచిన నూనె గాలి సోకి కనరువాసన కొట్టుట మీరెరుగుదురు. చేప దేహములో జరుగునదియు అట్టిదే.

విటమినుల ప్రయోజన మిచ్చట కలదు. ఇ విటమిను క్రొవ్వులో కరగునది. పొరలలో నిలిచి ఆ చెడుగును ఆపును. సి విటమిను నీటిలో కరగునది. అలసిన ఇ విటమినునకు మరల బలమిచ్చును. మొదటిదానిని 1922లో అమెరికాలో ఎవాన్సు, బిషప్పు అనువారు కనుగొనిరి. రెండవదానిని 1928లో హంగెరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జ్యోర్జి వేరుచేసెను. ఆవు, మేక సి విటమినును తమ దేహములోనే చేసికొనును. మనకును, పెంపుడు చేపలలో పెక్కింటికిని ఆ శక్తి లేదు. మేతలో అది లోపించినచో చేపల వెన్నెముక వంకరపోవును. తొట్లలోని నీటికి కాడ్మియము కలిపి చేసిన పరీక్షలలో, ఈ విటమినులు తిన్న చేపల కాలేయము, మొప్పలు తక్కువగా చెడినట్లు కనబడినది.

మన చెరువులలో శీలావతి, బొచ్చె చేపలకు నూనె తీసిన తవుడును చిల్లుల సంచులలో వ్రేలాడదీయుదురు. తవుటిలోని ఇ విటమిను చాలవరకు నూనెతోనే పోవును. సి విటమిను వేడికిని, తేమకును, నిలువకును ఓర్వదు. కావున విటమినులు కలిపిన మేత కొనువారు తయారైన తేదీ చూచి కొని, నీడలో, పొడిచోట నుంచవలెను.

ఇక అసలు మాట. విటమిను చేపకు కవచమే కాని లోహమును కరగించు మందు కాదు. కొన్ని పరీక్షలలో లోహము పేరుకొనుట తగ్గినను, పూర్తిగా పోలేదు. చేప నిగనిగలాడుచుండగనే దాని మాంసములో పాదరసముండవచ్చును; వండినను పోదు. జపానులోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధి యిట్టిదే. కర్మాగారము సముద్రములోనికి విడిచిన పాదరసము చేపలలో చేరి, వానిని తిన్న జాలరి కుటుంబములవారి నరములను చెరచెను. తల్లి గర్భములోని శిశువులను సయితము విడువలేదు. చేపను కాపాడితిమని తలచి, తినువానిని మరచుట ధర్మము కాదు.

కావున చెరువులు కౌలుకిచ్చు పెద్దలారా, మురుగుకాలువ నీటిని చెరువులలోనికి పెట్టనీయకుడు. నీటిని, ఒండ్రును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయింపుడు. నాచు చంపుటకు మైలుతుత్తమును ఇష్టము వచ్చినట్లు చల్లనీయకుడు. అందున్నది రాగియే, మితిమీరిన నదియు విషమే. తగుపాళ్లలో సున్నము చల్లినచో నీటిలోని లోహముల తీవ్రత కొంత తగ్గును. ఇవి యన్నియు చేసిన పిమ్మట మేతలోని విటమినులు తప్పక మేలు చేయును. నీటిని చెరచి మేతను బాగుచేయబూనుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటవంటిది. మీ ఊరి చెరువులోనికి నీరు ఏ కాలువనుండి వచ్చుచున్నదో ముందు విచారింపుడు.