థ్రెడ్ పోయిన స్క్రూ... ఇంజిన్‌కు ముప్పు!

వ్యాను ఎయిర్ ఫిల్టర్ మార్చడం మామూలుగా పది పదిహేను నిమిషాల పని. డబ్బా మూతకున్న స్క్రూలు విప్పాలి, పాత ఫిల్టర్ తీసి కొత్తది పెట్టాలి, మళ్లీ బిగించాలి. మెకానిక్ షెడ్లలో మాత్రం తరచూ ఓ మాట వినిపిస్తుంది: "మూడు పట్టాయి, నాలుగో దానికి థ్రెడ్ పోయింది." మూడు చాలులే అనుకుని బండి రోడ్డెక్కుతుంది. ఇంజిన్ అరుగుదల అక్కడే మొదలవుతుంది.

నిమిషానికి 2,000 లీటర్లు

2 లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ప్రతి రెండు చుట్లకు దాదాపు 2 లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే, లెక్క ప్రకారం ఆ నిమిషంలో 2,000 లీటర్ల గాలి లోపలికి పోతుంది. ఫిల్టర్ దాటిన తర్వాత పీడనం బయటి గాలి కంటే కాస్త తక్కువగా ఉంటుంది. అందుకే మూత ఒక మూల లేచినా గాలి కొంత కాగితం పొరలను తప్పించుకుని ఆ సందులోంచి దూరుతుంది. వెంట దుమ్మునూ తీసుకెళ్తుంది.

రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. మోస్ కాఠిన్య కొలమానంలో క్వార్ట్జ్ స్థానం 7. మామూలు ఉక్కు కంటే ఇది గట్టిది. పిస్టన్ రింగులకు, సిలిండర్ గోడకు మధ్య ఉండే నూనె పొర మందం కొద్ది మైక్రాన్లే. అందులో చేరిన దుమ్ము గరుకు కాగితంలా లోహాన్ని గీకుతుంది.

తప్పు చేతిదా, ప్లాస్టిక్‌దా?

రెండింటిదీ. స్క్రూ అంటే కడ్డీకి చుట్టిన వాలుతలం. మనం తిప్పే బలంలో సాధారణంగా పదో వంతే బిగింపుగా మారుతుంది. మిగతాదంతా తల కింద, మరల మధ్య ఘర్షణకే ఖర్చవుతుంది. కాబట్టి బిగింపు ఎంతైందో చేతికి సరిగా తెలియదు. "ఇంకొంచెం" అనుకుని తిప్పితే ఉక్కు మర మెత్తటి ప్లాస్టిక్ మరను కోసేస్తుంది.

వేడి కూడా తన వంతు చెరుపు చేస్తుంది. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు ప్లాస్టిక్ ఉక్కు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. పైగా ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్ మెల్లమెల్లగా సాగిపోతుంది. దీన్నే 'క్రీప్' అంటారు. ఎవరూ ముట్టుకోకపోయినా బిగింపు సడలడానికి ఇదో కారణం.

మరమ్మతు ఇలా

విప్పే ముందు స్క్రూ తలలోని మట్టిని శుభ్రం చేయాలి. సరిపోయే బిట్‌నే వాడాలి. బిగించేటప్పుడు స్క్రూను ముందు వెనక్కి, అంటే ఎడమవైపుకి, నెమ్మదిగా తిప్పాలి. చిన్నగా 'టక్' మని దిగిందంటే పాత మర దొరికినట్టే. అప్పుడు కుడివైపుకి తిప్పాలి. లేదంటే ప్రతిసారీ కొత్త దారి కోసుకుని ప్లాస్టిక్ నాశనమవుతుంది. అన్నీ సగం పట్టాక ఎదురెదురు మూలలు బిగిస్తే మూత సమంగా కూర్చుంటుంది.

థ్రెడ్ ఇప్పటికే పోయి ఉంటే, చుట్టూ గోడ మందంగా ఉన్నచోట కాస్త లావు స్క్రూ సరిపోతుంది. అంతకంటే మన్నికైనది లోపల మరలున్న ఇత్తడి ఇన్సర్ట్. సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి నొక్కితే ప్లాస్టిక్ కరిగి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ తర్వాత ఉక్కు స్క్రూ ఎన్నిసార్లు విప్పినా పని ఇత్తడి మీదే పడుతుంది. ఈ పనికి డబ్బాను బండి నుంచి విడదీసి, ఇంజిన్ వైపు గొట్టాన్ని శుభ్రమైన గుడ్డతో మూయాలి. ప్లాస్టిక్ ముక్క ఒక్కటి కూడా లోపలికి పోకూడదు. పని అయ్యాక ఆ గుడ్డను తీయడం మరిచిపోకూడదు.

టేపు, ప్లాస్టిక్ ట్యాగులు ఇంటికి చేరేవరకే. మూత అంచే పగిలితే మూత మార్చడమే దారి.

మరమ్మతు ఫలించిందా లేదా అన్నది ఓ తెల్లగుడ్డ చెబుతుంది. కొన్ని రోజులు తిరిగాక మూత విప్పి, ఫిల్టర్ దాటిన వైపు తుడవాలి. గుడ్డకు దుమ్ము అంటితే ఎక్కడో సందు మిగిలిందన్నమాట. తెల్లగానే ఉంటే ఆ నాలుగో స్క్రూ తన పని తాను చేస్తున్నట్టే.