గృధ్రసి: నొప్పి కాలిలో, మూలం నడుములో

నీళ్లబిందె ఎత్తబోయిన గృహిణికో, ధాన్యపు బస్తా దించబోయిన రైతుకో ఉన్నట్టుండి నడుము పట్టివేస్తుంది. రెండుమూడు రోజులలో పిరుదు నుండి తొడ వెనుకగా, పిక్క మీదుగా పాదం వరకు మంటతో కూడిన పోటు దిగుతుంది. ఇంటివారు కాలికి తైలం మర్దన చేస్తారు. కొంత హాయి కలుగుతుందే కాని నొప్పి పోదు. కారణమేమనగా, నొప్పి కాలిలో ఉన్నప్పటికీ దాని మూలం నడుములో ఉన్నది.

ఆయుర్వేదం ఈ బాధను గృధ్రసి అన్నది. గృధ్రమనగా రాబందు, రోగి నడక ఆ పక్షి నడకను తలపిస్తుందని ఆ పేరు వచ్చినదని చెబుతారు. ఆధునిక వైద్యంలో దీని పేరు సయాటికా.

నడుము అడుగుభాగంలో వెన్ను నుండి వెలువడే అయిదు నాడీమూలాలు కలిసి సయాటిక్ నాడి ఏర్పడుతుంది. మన దేహంలో ఇంతకంటె లావైన నాడి మరొకటి లేదు. వెన్నుపూసల నడుమ డిస్కులనే మెత్తలు ఉన్నవి. మెత్త పైపొర చిట్లినప్పుడు లోపలి గుజ్జు వెలికి ఉబికి నాడీమూలాన్ని ఒత్తుతుంది; అక్కడ వాపు పుట్టిస్తుంది. దగ్గినా, తుమ్మినా కాలు జివ్వుమనడం ఇందువల్లనే. ఈ సంబంధాన్ని 1934లో మిక్స్టర్, బార్ అనే అమెరికా వైద్యులు స్పష్టపరచారు. వృద్ధులలో వెన్నునాళం ఇరుకైనా ఇటువంటి బాధే కలుగవచ్చును.

కదలకుండా పడుకోవలెనని పెద్దలు అంటారు. పూర్వం వైద్యులూ అదే చెప్పేవారు. 1999లో నెదర్లాండ్స్ వైద్యులు 183 మంది రోగులను పరీక్షించారు. కొందరిని రెండు వారాలు మంచం మీద ఉంచారు. తక్కినవారిని యథాప్రకారం తిరగనిచ్చారు. పన్నెండు వారాల తరువాత ఉభయ వర్గాలలోను నూటికి 87 మందికి నెమ్మదించినది. మంచం వల్ల అదనపు మేలు కలుగలేదు. ఉబికిన గుజ్జు చాలామందిలో క్రమంగా తానే కుంచించుకుపోతుంది. కనుక ఓర్చుకోగలిగినంత మేర నడుస్తూ ఉండవలెను. బరువులెత్తరాదు, గంటలకొద్దీ ఒకేచోట కూర్చోరాదు. వేడి కాపడం హాయినిస్తుంది. మందులు, వ్యాయామం వైద్యుని సలహాపై సాగవలెను. కాలు లాగించడం, నడుము తొక్కించడం ప్రమాదకరం. కొన్ని వారాలు గడచినా బాధ తగ్గనివారికి స్కానింగు, కొందరికి శస్త్రచికిత్స అవసరం కావచ్చును.

ఒక్క విషయంలో మాత్రం కాలయాపన పనికిరాదు. మూత్రం బిగిసినా, తెలియకుండా పోయినా, మలవిసర్జనపై అదుపు తప్పినా, తొడల నడుమ స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ బలహీనపడినా రోగిని వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. రాత్రి అయినా తెల్లవారేదాక ఆగరాదు. ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చును. మన ఇండ్లలో, ముఖ్యంగా స్త్రీలు, ఇటువంటివి చెప్పుకొనడానికి సిగ్గుపడతారు. వారు చెప్పేవరకు వేచియుండక, ఇంటివారే మెల్లగా అడిగి తెలుసుకొనడం మంచిది.