ఈవియే ఆరాధన

నంగునూరు 2016 వరకు మెదక్ జిల్లాలోని గ్రామము. ఆ జిల్లాకు పేరిచ్చిన పట్టణమున గొప్ప క్రైస్తవ దేవాలయము కలదు. 1895లో సికింద్రాబాదుకు సైనికుల మతగురువుగా వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్, ఆ కొలువు విడిచి మెదక్ ప్రజల నడుమ నివసింపవచ్చెను. కరవు కాలమున గుడి కట్టనేల యని అడుగవచ్చును. అన్నమును భిక్షగా పెట్టక, 1914 మొదలు ఆ నిర్మాణమున పని కల్పించి, పనికి ప్రతిఫలముగా తిండి పెట్టించెను. ఆకలిగొన్నవాడు చేయి చాపక, తలయెత్తి తినగలిగెను. 1924 డిసెంబరు 25న ఆలయ ప్రతిష్ఠ జరిగెను. రాళ్లు మోసిన కూలీల చెమటయు ఆ గోడలలో నున్నది. వారి యర్పణమును తక్కువది కాదు. తన్ను తాను ఇచ్చుకొనువాడు, పుచ్చుకొనువాని మానమును కాపాడవలెను. అట్టి యీవియే క్రీస్తు భక్తులకు ఆరాధన యని మేము తలంచుచున్నాము.