ఫారంహౌసు: ఒక పదవిచారము

హైదరాబాదునకు సమీపమున నున్న ఇబ్రహీంపట్నము, మంచాల ప్రాంతములందు నేఁడు ‘ఫారంహౌసు’ అను ఆంగ్లపదము వాడుకలో నున్నది. దాని అర్థమెట్లు మాఱినదో విచారింతము.

ఆంగ్లమున నది సేద్యభూమిలో సేద్యగాఁడు కాపురముండు ఇల్లు. ‘ఫారము’నకు మూలము మధ్యయుగపు లాటిను పదమగు ‘ఫిర్మా’. నియతమైన చెల్లింపు అని దాని అర్థము. అది ప్రాచీన ఫ్రెంచి ద్వారమున ఆంగ్లమును జేరి మొదట గుత్తను, పిదప గుత్తకిచ్చిన భూమిని, ఆ పిమ్మట సాగుభూమి నంతటిని బోధించినది.

మన రైతు సామాన్యముగా ఊరిలో నివసించి పొలమునకుఁ బోవును. పొలమున నుండు కొట్టము, మంచె, పాక అనునవి పనికిని కావలికిని ఏర్పడినవే గాని కాపురమునకుఁ గావు. కావుననే ఆ పదమునకు సరియైన తెలుఁగు మాట వాడుకలోనికి రాలేదు.

ఇచట ఫారంహౌసనఁగా పట్టణవాసి తోట నడుమఁ గట్టుకొన్న సెలవుదినముల విడిది. సేద్యగాని యిల్లు అను అర్థము జాఱిపోయినది. అర్థవిపరిణామము భాషకు సహజము. దీనిని దోషమని మేము తలంపము. అయినను నిఘంటుకారులు రెండర్థములను వేఱుగాఁ జూపవలెను. లేనిచో ‘రైతు ఇల్లు’ అను అనువాదమును జూచి చదువరి పొరపడును. మూలార్థమును బట్టి ఆ పేరునకు మిక్కిలి దగ్గఱివాఁడు కౌలురైతు. అతని యింటిని మాత్రము ఎవరును ఫారంహౌసు అనరు.