వాణిజ్య విద్యార్థియు – ఆధార పరిశీలనమును

నరికుడి ప్రాంతమునుండి ఏటేట కొందఱు బాలబాలికలు పండ్రెండవ తరగతి ముగించి విరుదునగరు, అరుప్పుక్కోట, కోవిల్‌పట్టి కళాశాలలలో బి.కాం. చదువునకు చేరుచున్నారు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పాఠ్యపుస్తకములో ఇంగ్లీషు: ఈ మూడింటి నడుమ వారి చదువు సాగుచున్నది. వాణిజ్యము ఈ సీమకు క్రొత్త గాదు. విరుదునగరు మిరప, ధనియాలు, పప్పు, నూనెల వ్యాపారమునకు పేరుపడిన పట్టణము. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలకును, వేరుసెనగ మిఠాయికిని ప్రసిద్ధము. క్రొత్తది వేఱొకటి కలదు. ఒక సంగతిని ఎచ్చట వెదకవలెను, దొరకినదానిని ఎంతవఱకు నమ్మవలెను అనునదియే అది. దీనిని నేటి గ్రంథాలయ శాస్త్రజ్ఞులు సమాచార సాక్షరత యందురు. ఈ భావమునకు ఇంగ్లీషులో పేరు పెట్టినవాడు అమెరికా దేశీయుడగు పాల్ జుర్కోవ్‌స్కీ. అది 1974వ సంవత్సరము.

పాఠశాలలో తెలుగు చెప్పు నాకు ఈ విషయముతో పని యేమని చదువరులు అడుగవచ్చును. నా పూర్వ విద్యార్థులు ఆదివారములందు ఇంటికి వచ్చినప్పుడు తమ అసైన్‌మెంటులను నాకు చూపుట వాడుక. ఒక బాలుడు కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయి వ్యాపారమును గూర్చి ఎనిమిది పుటలు వ్రాసి తెచ్చెను. దస్తూరి ముత్యములవలె నున్నది. అంకెలు విస్తారముగా నున్నవి. ఒక్క అంకె ప్రక్కనైనను అది యెవరు చెప్పినదో లేదు.

“ఈ లెక్క ఎవరు చెప్పినారురా?” అంటిని.

“ఫోన్లో ఉండాది సార్,” అనెను.

ఫోను ఏమియు చెప్పదు. ఫోనులో ఎవరో చెప్పుదురు. ఆ ‘ఎవరో’ ఎవరని అడుగుటతో మా పాఠము మొదలయ్యెను.

మొదటి చిక్కు మాటలలోనే యున్నది. ఆ బాలుడు వెదకినది ‘కడలై’ అను తమిళపదముతో. తమిళమున ఆ మాట సెనగకును, వేరుసెనగకును గూడ చెల్లును. కావున రెండు పంటల లెక్కలును అతని పుటలలో కలిసిపోయినవి. ప్రభుత్వపు ఇంగ్లీషు పట్టికలలో ‘గ్రౌండ్‌నట్’ అని యుండును. అమెరికా వ్రాతలలో ‘పీనట్’ అని యుండును. ఏ మాటతో వెదకిన ఏ లోకము తెఱచుకొనునో తెలిసికొనుట యీ విద్యలో సగము. ఇందు మన పిల్లలకు ఒక మేలు కలదు. ఒక వస్తువునకు మూడు పేర్లు వారికి పుట్టుకతోడనే తెలియును. ఆ మేలును వారికి ఎవరును ఎత్తి చూపకపోవుటయే లోపము.

ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించెను. దానిని నమోదు చేసిన కార్యాలయము మద్రాసులోనే యున్నది. అచటి దస్త్రములను ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. ఊరు పేరులేని వ్రాతలు పది చదువుటకన్న ఆ యొక్క దస్త్రము చదువుట మేలని అతనికి చెప్పితిని.

పిమ్మట ఇంటిలోని కిరాణా బిల్లు ఒకటి తెమ్మంటిని. అందలి జి.ఎస్.టి. సంఖ్యలో 15 అక్షరములు, అంకెలు ఉండును. మొదటి రెండును రాష్ట్రమును తెలుపును: తమిళనాడునకు 33, ఆంధ్రప్రదేశమునకు 37, తెలంగాణమునకు 36. తరువాతి పది పాన్ సంఖ్య. దానిలో నాలుగవ అక్షరము ‘పి’ యైన వ్యక్తి, ‘ఎఫ్’ ఐన భాగస్వామ్య సంస్థ, ‘సి’ ఐన కంపెనీ. కంపెనీలకు వేఱుగా 21 అక్షరముల గుర్తింపు సంఖ్య కలదు. అందు ‘ఎల్’ తో మొదలగునది స్టాకు ఎక్స్ఛేంజిలో చేరినది, ‘యు’ తో మొదలగునది చేరనిది. నడుమ రాష్ట్రపు గుర్తును, దాని వెంట స్థాపించిన సంవత్సరమును ఉండును. వ్యాకరణములో సంధి విడదీయుట నేర్చిన పిల్లలకు ఇది కష్టము గాదు.

ఈ పాఠము ఒకనాడు నిజముగనే అక్కఱకు వచ్చెను. ఒక విద్యార్థిని తన తండ్రికి చేరిన ప్రకటన కాగితమును తెచ్చెను. నెలనెలకు పెద్ద వడ్డీ. ‘ముప్పది యేండ్ల సంప్రదాయము’ అని పైన అచ్చు. మిరప అమ్మిన సొమ్ము ఆయన చేతిలో నున్నది. కంపెనీ వ్యవహారముల మంత్రిత్వ శాఖవారి పట్టికలో ఆ పేరు కనబడగనే ఆమె సంతోషించెను. సంఖ్యను విడదీసి చదువుమంటిని. స్థాపించిన సంవత్సరము క్రిందటి యేడే! మఱియొక సంగతి: కంపెనీగా నమోదగుట వేఱు, ప్రజలనుండి డిపాజిట్లు తీసికొనుటకు అనుమతి యుండుట వేఱు. రెండవదానికి రిజర్వు బ్యాంకువారి పట్టికను చూడవలెను. వారు 2016లో ‘సచేత్’ అను వెబ్‌సైటును గూడ ప్రారంభించిరి. అనుమతిలేని డిపాజిట్లను నిషేధించు చట్టము 2019లో వచ్చెను. మేము వెదకిన చోటులలో ఎచ్చటను ఆ సంస్థకు అనుమతి కనబడలేదు. తండ్రి అప్పటికే సగము కట్టియుండెను. తక్కిన సగము నిలిచినది.

అచ్చైన లెక్కలన్నియు సత్యములని గూడ విద్యార్థి తలపరాదు. సత్యం కంపెనీ అధిపతి రామలింగరాజు 2009 జనవరి 7న వ్రాసిన లేఖలో, పుస్తకములందు చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్లు లేనేలేవని ఒప్పుకొనెను. ఆ లెక్కలకు ఆడిటరుల సంతకములు ఉండినవి. బ్యాంకు మాటను కంపెనీ నోట గాక బ్యాంకునుండియే వినవలెనని బి.కాం. మొదటి యేటనే చెప్పుటకు ఇంతకన్న మంచి యుదాహరణము నాకు తోచదు.

కళాశాలలలో సాధారణముగా జరుగునదేమి? చేరిన మొదటి వారమున విద్యార్థులను ఒక గంట గ్రంథాలయము చుట్టు త్రిప్పి పంపుదురు. అప్పటికి వారికి వెదకవలసిన పనియే లేదు. కావున విన్నది నిలువదు. అసైన్‌మెంటు ఇచ్చిన నాడే గ్రంథపాలకుడును, వాణిజ్యాధ్యాపకుడును కలిసి తరగతికి వచ్చుట మంచిదని నా యభిప్రాయము. రంగనాథన్‌గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులగుటకు ముందు గణితము బోధించినవారే గదా! ఆ రెండు వృత్తుల నడుమ గోడ ఆయనకు లేకుండెను.

ఇంకొక మాట. ఆ విద్యార్థిని తాను చదివినదంతయు ఇంగ్లీషులోనిది. తండ్రికి చెప్పవలసినది తెలుగున. ‘నమోదు’, ‘అనుమతి’ అను రెండు మాటల భేదమును ఆయనకు విడమరచుటకు ఆమెకు ఒక సాయంకాలమంతయు పట్టెనట. “బండికి నంబరు ఉంటే సరిపోతుందా నాయనా, తోలేవానికి లైసెన్సు వద్దా?” అని తుదకు అడిగినదట. ఆయనకు అప్పుడు బోధపడెను.