పేరు దాచిన ఉత్తరం

మా నాన్న తణుకు దగ్గర ఒక పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసేవారు. పోస్టాఫీసంటే మా ఇంటి ముందు గదే. సంచి విప్పి, ఉత్తరాలు బల్ల మీద పరిచి, ఒక్కోదాని మీద ఊరి ముద్ర కొట్టేవారు. నెలకో, రెండు నెలలకో వాటిలో ఒక ఆకాశరామన్న ఉత్తరం తగిలేది. కింద సంతకం ఉండదు, పంపినవారి చిరునామా ఉండదు. ఎవరి పిల్లకో కుదిరిన సంబంధం చెడగొట్టే కార్డు ఒకటైతే, చెరువు పనుల డబ్బు ఎవరు తిన్నారో చెప్పే కార్డు ఇంకొకటి. మా ఊరి డబ్బాలో వేస్తే ముద్ర పట్టిస్తుందని, రాసినవాళ్లు సైకిలెక్కి తణుకు వెళ్లి అక్కడి డబ్బాలో వేసేవారు. అయినా అక్షరం చూడగానే నాన్నకు తెలిసిపోయేది. ఊళ్లో సగం మంది మనియార్డరు ఫారాలు ఆయన ముందు కూర్చునే నింపేవారు మరి.

“ఎవరు రాశారు నాన్నా?” అని నేనడిగితే, “ఎవరికి ఇవ్వాలో చూడమ్మా. మన పని అంతవరకే” అనేవారు.

నాకిప్పుడు 52 ఏళ్లు. విజయవాడలో టీచరుగా పనిచేస్తూ, ఆరేళ్లుగా తెలుగు ఆడవాళ్ల ఫేస్‌బుక్ గ్రూపు ఒకదానికి మోడరేటరుగా ఉన్నాను. మేం ముగ్గురం. నేను, హనుమకొండలో ఒకామె, డాలస్‌లో ఒకామె. ఇక్కడ మేం పడుకునే వేళకు అక్కడ మధ్యాహ్నం కాబట్టి రాత్రి కాపలా ఆమెది. పేరు లేకుండా వచ్చే పోస్టులు ముందు మా దగ్గరికే వస్తాయి. నాన్న బల్ల మీద ఉత్తరాల్లాగా నా ఫోనులో వరసగా పేరుకుని ఉంటాయి. రాసిందెవరో నాకు కనబడుతుంది. అలా కనబడుతుందని రాసినవాళ్లలో చాలామందికి తెలియదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

తెర ఎవరికి అడ్డం?

పద్ధతి కష్టమేమీ కాదు. ఫోనులో ఫేస్‌బుక్ యాప్ తెరిచి గ్రూపులోకి వెళ్లి, రాసే పెట్టె మీద నొక్కితే, ‘ఎనానిమస్’గా పోస్ట్ చేసే బొత్తం కనబడుతుంది. అది నొక్కగానే మీ పేరూ ఫోటో ఉండాల్సిన చోట పేరులేని సభ్యురాలి గుర్తు వస్తుంది. రాసి పంపిస్తే మా గ్రూపులో అది వెంటనే పడదు. అడ్మిన్‌గానీ మోడరేటర్‌గానీ చూసి ఒప్పుకున్నాకే పడుతుంది. బొత్తం కనబడలేదంటే ఆ గ్రూపు అడ్మిన్ ఆ వీలు ఇవ్వలేదన్నమాట. ఒకసారి సొంత పేరుతో పెట్టేసిన పోస్టును తర్వాత పేరు లేనిదిగా మార్చుకునే దారి లేదు. తీసేసి మళ్లీ రాసుకోవాలి. ఈలోగా చూసినవాళ్లు చూసేసే ఉంటారు.

పేరు దాగేది తోటి సభ్యుల నుంచి మాత్రమే. అడ్మిన్లకు, మోడరేటర్లకు, ఫేస్‌బుక్ కంపెనీకి మీరెవరో తెలుస్తుంది. బొత్తం నొక్కినప్పుడు ఈ సంగతి తెర మీద వస్తుంది గానీ, గుండె బరువుతో రాయడానికి కూర్చున్న మనిషి ఆ చిన్న అక్షరాలు చదవదు. కాబట్టి రాసే ముందు గ్రూపులో అడ్మిన్ల, మోడరేటర్ల పేర్లు ఒకసారి చూసుకోండి. వాళ్లలో మీ ఆడపడుచు స్నేహితురాలో, మీ ఆఫీసు మేనేజరో ఉంటే ఆ గ్రూపు మీకు పనికిరాదు.

వాట్సాప్ గ్రూపుల సంగతి వేరు. మామూలు గ్రూపులో మీ నంబరు అందరికీ కనబడుతుంది. అక్కడ పేరు దాచుకోవాలంటే నమ్మకమున్న అడ్మిన్‌కు విడిగా రాసి, “ఒక సోదరి అడుగుతున్నారు” అని ఆమె చేత పెట్టించడమే దారి. మా ఫేస్‌బుక్ గ్రూపులో ‘ఎనానిమస్’ బొత్తం రాకముందు మేమూ అదే చేసేవాళ్లం.

పేరు దాగింది, కథ దాగలేదు

ఈ వ్యాసంలో చెప్పే ఇద్దరి సంగతులూ వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, ఆనవాళ్లు మార్చి.

మూడేళ్ల క్రితం ఒక రాత్రి పదకొండు దాటాక ఒకామె పోస్టు వచ్చింది. భర్త తాగుడు మొదలుపెట్టాడు, తన బంగారం తనకు చెప్పకుండా తాకట్టు పెట్టాడు, ఏం చేయాలి? ఇదీ ప్రశ్న. కానీ మనసు విప్పి రాసేటప్పుడు మనిషి ప్రశ్నొక్కటే రాయదు కదా. భర్తకు మెయిన్‌రోడ్డు మీద ఎరువుల కొట్టుందని రాసింది. తోటికోడలు ఏఎన్ఎమ్ అని రాసింది. మామగారికి శ్రావణంలో మోకాలి ఆపరేషన్ చేయించామని, పెద్దపిల్ల ఈ ఏడే పాలిటెక్నిక్‌లో చేరిందని రాసింది. నాకు నిద్ర ముంచుకొస్తోంది. పాపం, తెల్లారేలోగా నలుగురూ ధైర్యం చెబుతారని అప్రూవ్ చేసి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి డెబ్బై కామెంట్లున్నాయి. మంచి సలహాలే. మధ్యలో ఒకటి మాత్రం “ఇది మా ఊరి సంగతిలా ఉందే” అని ఉంది. పోస్టు వెంటనే తీసేశాను. అప్పటికే దాని స్క్రీన్‌షాట్ ఎవరో ఆ ఊరి వాట్సాప్ గ్రూపులోకి పంపారు. మధ్యాహ్నానికి ఆమె నుంచి నాకు మెసేజ్ వచ్చింది: “పేరు కనపడదన్నారు కదండీ.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. యాప్ ఆమె పేరు దాచింది, ఎరువుల కొట్టును దాచలేదు. దాచమని ఆమెకు చెప్పాల్సింది నేను, చెప్పలేదు. తణుకు వెళ్లి డబ్బాలో వేసినా చేతిరాత పట్టించినట్టు, ఇప్పుడు మన ఇంటి వివరాలే మనల్ని పట్టిస్తాయి. ఎరువుల కొట్లు వేలున్నాయి, ఏఎన్ఎమ్‌లు వేలమంది ఉన్నారు. ఆ నాలుగూ ఒకే ఇంట్లో కలిసేది మాత్రం ఒక్కచోటే.

అప్పటి నుంచి మేం ముగ్గురం ఒక నియమం పెట్టుకున్నాం. పోస్టు చదివి మనిషి ఎవరో పోల్చుకోవచ్చనిపిస్తే అప్రూవ్ చేయం. కారణం రాసి వెనక్కి పంపుతాం. ఎరువుల కొట్టును ‘చిన్న వ్యాపారం’ అనమంటాం. శ్రావణాన్ని ‘కొన్నాళ్ల క్రితం’ అనమంటాం. తోటికోడలి ఉద్యోగం ప్రశ్నకు అక్కర్లేకపోతే ఆ వాక్యమే తీసేయమంటాం. ఇలా మార్చి రాస్తే అబద్ధమాడినట్టవుతుందేమోనని కొందరు మొహమాటపడతారు. అడిగేది బంగారం గురించి. బంగారం గురించి నిజం చెబితే చాలు.

అయితే ఆరోగ్యం గురించి అడిగేటప్పుడు వయసు, ఎన్నో నెల, వాడుతున్న మందు లాంటివి మార్చకూడదు. తప్పు వివరానికి తప్పు సలహా వస్తుంది. అవి ఉన్నవి ఉన్నట్టు రాసి, ఊరు, ఉద్యోగం, చుట్టరికాలు వదిలేయాలి.

చేతిలో ఫోను మనదేనా?

నాకు ఎక్కువ భయం ఫోనంటేనే. చాలా ఇళ్లలో ఫోను ఒక్క మనిషిది కాదు. పిల్లలు ఆటలకు తీసుకుంటారు, భర్త ఫోన్‌పే కోసం తీసుకుంటాడు. మీ పోస్టు అప్రూవ్ అయిందనో, దానికి ఎవరో జవాబిచ్చారనో నోటిఫికేషన్ వచ్చి, తాళం వేసిన తెర మీదే కనబడుతుంది. గ్రూపంతటికీ దాచిన మాట వంటింటి గట్టు మీద బయటపడుతుంది. పోస్టు పంపే ముందు ఫేస్‌బుక్ నోటిఫికేషన్లు ఆపుకోండి. పాత ఫోనులోనో పిల్లల ట్యాబ్‌లోనో మీ అకౌంట్ తెరిచి ఉందేమో చూసి లాగవుట్ అవ్వండి.

ఫోటోలతో ఇంకా జాగ్రత్త. స్కానింగ్ రిపోర్టు పైన పేరు, వయసు, సెంటరు పేరు ఉంటాయి. మందుల చీటీ మీద డాక్టరు పేరుంటుంది. వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్ తీస్తే అవతలి మనిషి పేరూ ఫోటో పైనే ఉంటాయి. పై భాగం కత్తిరించాకే పెట్టండి. వీలైతే ఫోటో మానేసి, అందులో అవసరమైన రెండు ముక్కలు టైపు చేయండి. కామెంట్లకు జవాబిచ్చే ముందు ఆ పెట్టె పక్కన ఎవరి బొమ్మ ఉందో చూసుకోండి. సొంత పేరుతో “అవునండీ, నాకూ అదే అనిపించింది” అని రాసి దొరికిపోయినవాళ్లు మా గ్రూపులోనే ఉన్నారు.

పేరు లేని నింద

నాన్న బల్ల మీదికొచ్చిన కార్డుల్లో పెళ్లి సంబంధాలు చెడగొట్టినవీ ఉన్నాయన్నాను కదా. అలాంటివి ఇప్పుడు నా దగ్గరికీ వస్తాయి. ఫలానా క్లినిక్‌కు వెళ్లకండి, ఫలానా మనిషి మోసగాడు అంటారు. ఊరూ పేరూ పెట్టి ఒకరిని నిందించే పోస్టును, రాసినామె పేరు చెప్పడానికి సిద్ధంగా లేకపోతే, మేం ఒప్పుకోం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను పరువునష్టం గురించి. రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పోలీసులు చట్టప్రకారం అడిగితే కంపెనీ వివరాలు ఇవ్వవచ్చు. మన అకౌంట్ వెనక సాధారణంగా ఫోను నంబరుంటుంది, ఆ సిమ్ వెనక మన గుర్తింపు కార్డుంటుంది.

పిల్లల మీద అఘాయిత్యాల సంగతులైతే మరీ జాగ్రత్త. బాధిత పిల్లల పేరు, ఇల్లు, స్కూలు తెలిసేలా బయటపెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షను చెబుతోంది. అలాంటివి గ్రూపులో చర్చించేవి కావు. 1098కి చెప్పాల్సినవి. ఇంట్లో హింసకు 181 ఉంది. ఎవరైనా స్క్రీన్‌షాట్లు పెట్టుకుని బెదిరిస్తే 1930 ఉంది. ఈ నంబర్లు మా గ్రూపులో అన్నిటికన్నా పైన కనబడేలా పెట్టి ఉంచాం.

ఇన్ని చిక్కులుంటే ఈ సౌకర్యం ఎందుకని మా హనుమకొండ ఆమె ఒకసారి అడిగింది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె ఆంధ్రప్రభలో మాలతీ చందూర్ ప్రమదావనం చదివేది. దశాబ్దాలపాటు సాగిన శీర్షిక అది. ఇంట్లో అడగలేనిది పత్రికకు రాసి అడిగిన ఆడవాళ్లు ఆ కాలంలో ఎంతోమంది. ఆ అవసరం ఇప్పటికీ తీరలేదు. నెలసరి ఆగిపోయే వయసులో ఒళ్లంతా ఆవిర్లు వస్తే, కొడుకు ఇంటర్ తప్పితే, తన పేరున బ్యాంకు ఖాతా ఎలా తెరవాలో తెలియకపోతే, పేరు పెట్టి అడగలేని వాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్లకు ఆ తెర కావాలి. తెర వెనక కూర్చున్నవాళ్లు నోరు విప్పకుండా ఉండాలి.

నిరుడు ఒక అర్ధరాత్రి ఇరవై నాలుగేళ్ల అమ్మాయి రాసింది. పురుడు వచ్చి నలభై రోజులు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకోబుద్ధి కావట్లేదు, నేనసలు తల్లినేనా అని. డాలస్ ఆమె చూసి, ఊరు తీయించి, అప్రూవ్ చేసింది. తెల్లారేసరికి ఎందరో తల్లులు తమకూ అలా అయిందని రాశారు. ఒకరు టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చి, తెలుగులోనే మాట్లాడతారు, ఇప్పుడే చేయమ్మా అని రాశారు. రెండు రోజుల తర్వాత, పేరు లేకుండానే, “చేశాను. డాక్టరు దగ్గరికీ వెళ్లాను” అని ఒక కామెంటు పడింది.

మొన్న ఆ అమ్మాయి అదే గ్రూపులో సొంత పేరుతో బాబు మొదటి పుట్టినరోజు ఫోటో పెట్టింది. పట్టుపంచె కట్టి, నుదుట చుక్కపెట్టి, ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఆ రెండు పోస్టులూ ఒకరివేనని మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. అందరూ దీవెనలు రాస్తున్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్నై “నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి బంగారం” అని రాసి, ఫోను పక్కన పెట్టాను.