వెయ్యి మంది, రెండేళ్లు, లెక్కలేనంత ఖర్చు

గిద్దలూరు నుంచి దక్షిణంగా కడప జిల్లాలోకి దిగితే పోరుమామిళ్ల వస్తుంది. అక్కడి చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువుకు రోజూ వెయ్యి మంది కూలీలు పనిచేశారట, గోడలకు రాళ్లు తోలడానికి వంద బండ్లు తిరిగాయట, రెండేళ్లకు పని ముగిసిందట. కొలతలూ చెక్కించారు: పొడవు 5,000 రేఖాదండాలు, వెడల్పు 8, ఎత్తు 7. డబ్బు, ధాన్యం ఎంతయ్యాయన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్కలేనంత అని తేల్చేశారు. పరిమాణం, గడువు, మనుషులు, ఖర్చు, నాలుగూ ఒక్క రాతి మీదే ఉన్నాయి. నాలుగోదాని విషయంలో ఆ నిజాయితీ ఇప్పటి ప్రాజెక్టు నివేదికల్లో వెతికినా దొరకదు.

వెయ్యి మంది, 24 నెలలు. అంటే 24,000 మనిషి-నెలలు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు పని ఎంతో చెప్పుకునేది ఈ కొలతలోనే. అమెరికా ఇంజినీరు బ్యారీ బోమ్ 63 ప్రాజెక్టుల లెక్కలు ముందేసుకుని 1981లో ‘కోకోమో’ అనే సూత్రాల లెక్క ప్రచురించాడు. ఎన్ని మనిషి-నెలల పనో చెబితే ఎన్ని నెలల్లో తెమలాలో అది చెబుతుంది. పోరుమామిళ్ల అంకెను అందులో వేసి చూడండి. అంత పని ఉన్న సాఫ్ట్‌వేర్‌కు, దాని రకాన్ని బట్టి, అయిదేళ్ల నుంచి తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. చెరువేమో రెండేళ్లలో నిండడానికి సిద్ధమైంది!

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మట్టి తట్ట మోసేవాడికి పక్క తట్టలో ఏముందో తెలియక్కర్లేదు. ప్రోగ్రాం రాసేవాడికి పక్కవాడు రాసింది తెలియాలి. పదిమంది ఉన్న జట్టులో ఇద్దరిద్దరు మాట్లాడుకునే జతలు 45. మరో పదిమందిని తెచ్చి చేరిస్తే 190. ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తవాళ్లను దింపితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎంలో భారీ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాశాడు. అయినా గడువు దగ్గర పడగానే మేనేజర్లు అడిగేది ఇంకో నలుగురినే.

మార్కాపురం వాళ్లకు ఈ సంగతి వెలిగొండ నేర్పింది. పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఈ ప్రాజెక్టుకు 1996లో గొట్టిపడియ దగ్గర శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయంలోని కృష్ణా వరద నీరు 43.5 టీఎంసీలను నల్లమల కింద నుంచి ఇటు తేవాలి. అందుకు రెండు సొరంగాలు, ఒక్కోటి 18.8 కిలోమీటర్లు. కట్ట పని తొందర పెట్టాలంటే నాలుగు వైపుల నుంచీ మనుషుల్ని దింపొచ్చు. సొరంగంలో తవ్వకం జరిగేది ముందున్న రాతి గోడ దగ్గరే. అక్కడ పట్టేది ఒక్క యంత్రం, వెనక వందమంది నిలబడ్డా ఆ రోజుకు తెగే రాయి పెరగదు. పైగా నెత్తిన పులుల అభయారణ్యం. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోదాని తవ్వకం 2024 జనవరిలో పూర్తయ్యాయి. అదే ఏడాది మార్చిలో రెంటినీ జాతికి అంకితం చేశారు, అప్పటికి నిర్వాసితుల పునరావాసం మిగిలే ఉంది.

ఈ చివరి మిగులుకు సాఫ్ట్‌వేర్‌లో ఒక హాస్య సూత్రం ఉంది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన టామ్ కార్గిల్‌ది. మొదటి 90 శాతం పనికి గడువులో 90 శాతం పోతుంది, మిగిలిన 10 శాతానికి ఇంకో 90 శాతం పడుతుంది. కూడితే 180. కూడిక తప్పేం కాదు.

అసలు పనినే తగ్గించుకునే దారి కంభం చెరువుది. గుండ్లకమ్మ ఏటికి రెండు కొండల సందులో అడ్డుకట్ట వేశారు, మిగతా గోడలు కొండలే. వెలిగొండ జలాశయమూ ఆ దారిలోనిదే. సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లు మూడు పూడిస్తే 53.85 టీఎంసీలు నిలుస్తాయి. పాత ప్రోగ్రాం ముక్కలు తెచ్చి వాడుకుంటే మొత్తం సైజు ఎంతున్నా పని లెక్క తగ్గించి వేయాలని కోకోమో చెప్పేది ఇలాంటి సందర్భానికే.

నీటిపారుదల ఇంజినీరు చేతిలో ఎస్‌ఎస్‌ఆర్ ఉంటుంది. మెత్తమట్టి క్యూబిక్ మీటరుకు ఇంత, గట్టిరాయికి ఇంత అని రేట్ల పుస్తకం. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి క్యూబిక్ మీటరు కోసం 1979లో ఐబీఎంకే చెందిన అలన్ ఆల్‌బ్రెక్ట్ ‘ఫంక్షన్ పాయింట్’ తెచ్చాడు. ఎన్ని లైన్లు రాశారన్నది పక్కనపెట్టి, వాడేవాడికి ఎన్ని పనులు జరుగుతాయో లెక్కపెట్టమన్నాడు. కానీ కొలత ఏదైనా, పని పట్టాలని తక్కువ రేటుకు (లెస్‌కు) టెండరు వేసినవాడి అంచనాను ఏ సూత్రమూ కాపాడలేదు.

సీల్డ్ టెండరు లాంటిదే ఇంకోటి, 2002లో జేమ్స్ గ్రెనింగ్ రాసిన ‘ప్లానింగ్ పోకర్’. జట్టులో అందరూ తమ అంచనా అంకె ఉన్న కార్డును బోర్లా పెట్టి ఒకేసారి తిప్పుతారు, పెద్దాయన అంకె విని మిగతావాళ్లు తల ఊపకుండా. మార్కెట్లో దొరికే చాలా పేకల్లో అంకెలతోపాటు కాఫీ కప్పు బొమ్మ కార్డు ఒకటి ఉంటుంది. అది వేస్తే అర్థం, బుర్ర పనిచేయడం లేదు, కాసేపు లేద్దాం అని.